కర్రసామును మళ్ళీ మన ఊళ్ళోకి తెచ్చుకోవడం ఎలా

తాలింఖానా అనే మాట నల్లగొండ, పాలమూరు జిల్లాల పెద్దవాళ్ళకు ఇంకా గుర్తుంది. తెల్లవారకముందే యువకులు ఒకచోట చేరి దండాలు, బస్కీలు తీసి, ముద్గరాలు తిప్పి, మట్టిలో కుస్తీ పట్టి, ఆ తరువాత కర్ర చేతికి తీసుకునేవారు. పీరీల పండుగకో, దసరాకో, ఊరి జాతరకో ఆ కర్రసామును జనం ముందు ఆడేవారు. ఇవాళ చాలాచోట్ల ఆ చివరి ముక్క మాత్రమే మిగిలింది. పండుగ దగ్గర పడ్డాక పిల్లలకు నాలుగు తిప్పులు నేర్పించి ఊరేగింపులో నిలబెడుతున్నారు, పండుగ దాటగానే కర్రలు అటకెక్కుతున్నాయి. సంప్రదాయ యుద్ధవిద్యలు ఈ కాలపు జీవితానికి పనికివస్తాయా అని అడిగేవారికి నేను చెప్పేది ఒక్కటే: ఊరేగింపు కోసం నేర్చిన విద్య ఊరేగింపుతోనే ముగుస్తుంది, ఏడాది పొడవునా పొద్దునపూట చేసే సాధన మాత్రం మనిషికి చివరిదాకా అక్కరకు వస్తుంది. అటువంటి సాధనను పది పదిహేను మందితో ఊళ్ళో గాని, పట్టణంలోని ఒక వాడలో గాని మళ్ళీ మొదలుపెట్టదలచినవారి కోసం, ముఖ్యంగా పిల్లలను పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రుల కోసం ఈ వివరాలు రాస్తున్నాను.

ఎందుకు నేర్చుకోవాలో ముందే తేల్చుకోవాలి

కర్రసాము నేర్చుకుంటే నలుగురిని ఒక్కడే ఎదిరించగలడని నమ్మి వచ్చేవారిని మొదటి రోజే ఆ నమ్మకం నుంచి బయటకు తేవాలి. ఒకప్పుడు ఈ ప్రాంతంలో కర్ర నిజంగానే ఆయుధం. 1946లో దేశ్‌ముఖ్‌ల దౌర్జన్యాన్ని ఎదిరించిన పల్లెల్లో తుపాకులు లేవు. సంఘం (ఆంధ్ర మహాసభ) కార్యకర్తలు కర్రలు, వడిసెలలు పట్టుకొని నిలబడ్డారు, ఆడవాళ్ళు రోకళ్ళు, కారంపొడి అందుకున్నారు. ఆ ఏడాది జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి అప్పట్లో నల్లగొండ జిల్లాలోనిదే. ఆ చరిత్రను పిల్లలకు చెప్పాలి. కాని ఇప్పటి పిల్లవాడి ముందున్న ఇబ్బందులు వేరు. అతడు గంటల తరబడి ఫోను మీదికి వంగి కూర్చుంటున్నాడు, బడికి ఆటోలో వెళ్ళి ఆటోలో వస్తున్నాడు, కోపం వస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతడికి ఎవరూ నేర్పడం లేదు.

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు, పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 65 ఏళ్ళు దాటినవారు వారంలో మూడు రోజులైనా తూలిపడకుండా నిలబడే శక్తిని పెంచే కసరత్తు చేయాలని కూడా ఆ సూచనల్లో ఉంది. కర్రసాములోని అడుగులు ఈ చివరి అవసరానికి చక్కగా సరిపోతాయి, ఎందుకంటే బరువును ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి నెమ్మదిగా మార్చడమే ఆ అడుగుల్లోని అసలు పని. అందుకే తాతలను కూడా పక్కన కూర్చోబెట్టకుండా, తేలికపాటి కర్ర ఇచ్చి అడుగుల వరకు చేయించడం మంచిదని నా అభిప్రాయం.

శరీరం కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి సాధన చేసేటప్పుడు కర్రను ఎదుటివాడి భుజానికి బెత్తెడు దూరంలో ఆపగలగాలి. వేగంగా వస్తున్న కర్రను అలా ఆపడం కొట్టడం కంటే ఎన్నో రెట్లు కష్టం. బలం ఉండి కూడా చెయ్యి ఆపుకోవడాన్ని మాటలతో కాకుండా ఒంటితో నేర్పే చదువు మన బడుల్లో మరొకటి కనిపించదు.

నేర్పేవారిని ఎంచుకోవడం

ఊళ్ళో పాత వస్తాదు, అంటే సాము నేర్పిన గురువు, ఎవరైనా ఉంటే ముందుగా ఆయన దగ్గరికే వెళ్ళాలి. వయసు మీదపడి తానుగా తిప్పలేకపోయినా, కుర్చీలో కూర్చొని తప్పులు దిద్దగలిగితే చాలు. చురుకైన యువకుడొకరు చేసి చూపిస్తూ ఉంటే ఆయన కన్ను మిగతా పని చేస్తుంది. అటువంటివారు లేనప్పుడు దగ్గరి పట్టణంలో నేర్పేవారిని వెతకవలసి వస్తుంది. అక్కడికి వెళ్ళినప్పుడు ఆయన ఎంత బాగా తిప్పుతున్నాడో చూసి నిర్ణయించుకోకండి. కొత్తగా చేరిన పిల్లలతో ఆయన ఏం చేయిస్తున్నాడో ఒక అరగంట నిలబడి చూడండి. మొదటి వారంలోనే వేగంగా తిప్పించేవారు, దెబ్బ తగిలిన పిల్లవాడిని చూసి నవ్వేవారు, తల్లిదండ్రులు కూర్చొని చూస్తామంటే వద్దనేవారు ఎంత పేరున్నవారైనా వదిలేయవలసినవారే.

గురువుకు ఇచ్చే ప్రతిఫలం గురించి కూడా మొదట్లోనే మాట్లాడుకోవాలి. విద్యను అమ్మకూడదన్న మాటను అడ్డం పెట్టుకొని వస్తాదులను ఉత్తచేతులతో పంపిన ఊళ్ళలోనే ఈ విద్య తొందరగా అంతరించిందని నేను నమ్ముతున్నాను. నెలకు ఇంత అని ఇంటింటికీ వేసుకొని, ఇవ్వలేని ఇళ్ళ పిల్లలకు మినహాయింపు ఉంచి, ఆయనకు గౌరవంగా అందజేయాలి.

పోటీలు, సర్టిఫికెట్ల ఆశతో మొదలుపెట్టకపోవడం మేలు. ఖేలో ఇండియా యువజన క్రీడల్లో గట్కా, కలరిపయట్టు, థాంగ్ తా, మల్లఖంబ్ వంటి దేశీయ క్రీడలకు చోటు దొరికింది, తమిళనాడులో జరిగినప్పుడు అక్కడి కర్రవిద్య శిలంబం ప్రదర్శన క్రీడగా వచ్చింది. మన కర్రసాముకు కూడా ఆ గుర్తింపు రావాలని అడగవలసిందే, కాని పిల్లవాడి సాధన ఆ గుర్తింపు కోసం ఎదురుచూడకూడదు.

చేర్చుకునే ముందు ఒళ్ళు చూడాలి

ఈ విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు ఊళ్ళలో బోరునీటిలోని ఫ్లోరైడ్ ఎన్ని ఒళ్ళను వంచేసిందో వేరే చెప్పనక్కరలేదు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదన్నది మన దేశపు ప్రమాణం. మిషన్ భగీరథ ద్వారా కృష్ణా నీళ్ళు వచ్చిన తరువాత పుట్టిన పిల్లల పరిస్థితి వేరు. పాత బోర్ల నీళ్ళు తాగి పెరిగినవారి ఎముకల్లో, కీళ్ళలో చేరినది మాత్రం ఒక్కసారిగా పోదు. నడుము, మెడ బిగుసుకుపోయిన మనిషి చేత బస్కీలు, వెనక్కి వంగే కసరత్తులు చేయిస్తే మేలు జరగకపోగా కీడు జరుగుతుంది.

అందువల్ల పెద్దవయసువారిని చేర్చుకునేటప్పుడు మూడు పనులు చేయించి చూడండి. మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి నేలను గాని, కాలి వేళ్ళను గాని తాకమనండి. గడ్డాన్ని ఛాతీకి ఆనించమనండి. చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి, తల వెనక భాగాన్ని తాకమనండి. ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు, అనుమానం ఉన్నవారిని గుర్తించడానికి ఆరోగ్య సిబ్బంది వాడే పద్ధతి కూడా ఇదే. వీటిలో ఏదైనా చేయలేకపోయినవారికి ఆ జబ్బే ఉందని మనం తీర్మానించకూడదు, వయసు వల్ల కూడా ఒళ్ళు బిగుసుకోవచ్చు. అయితే డాక్టరు చూసి సరేననేదాకా వారి చేత నిలబడే అడుగులు తప్ప మరేమీ చేయించకూడదు. రక్తపోటు, గుండెజబ్బు, ఫిట్స్ ఉన్నవారి విషయంలోనూ డాక్టరు మాటే ప్రమాణం.

కర్రను సిద్ధం చేసుకోవడం

ఆన్‌లైన్‌లో రంగులు వేసిన కర్రలు కూడా దొరుకుతున్నాయి. వాటికంటే మేదరివాళ్ళ దగ్గర చూసి, పట్టుకొని, తూకం తెలుసుకొని ఎంచుకున్న వెదురు నూరుపాళ్ళు మేలు. నల్లమల వైపు దొరికే సాధనపు వెదురు లోపల దాదాపు గట్టిగా ఉంటుంది, కణుపులు దగ్గరదగ్గరగా ఉంటాయి. కర్రసాముకు కావలసింది అదే. చేతిలో పట్టుకున్నప్పుడు బొటనవేలు మిగతా వేళ్ళ మీదికి వచ్చి ఆనేటంత లావు ఉండాలి, అంటే ఇంచుమించు ఒక అంగుళం నుంచి అంగుళంపావు. పొడవు విషయంలో ఒక్కొక్క గురువుది ఒక్కొక్క లెక్క. నేల మీద నిలబెడితే చెవి దాకా వచ్చే కర్ర కొత్తవారికి అనుకూలంగా ఉంటుంది. పన్నెండేళ్ళలోపు పిల్లలకు భుజం ఎత్తుకు మించకుండా, సన్నగా, తేలికగా ఉన్న కర్ర ఇవ్వాలి. బరువైన కర్రతో పిల్లవాడి మణికట్టు త్వరగా బలపడుతుందనుకోవడం పొరపాటు, మణికట్టు నొప్పి పట్టి వారం రోజుల్లో మానేస్తాడు.

పచ్చి వెదురును అలాగే వాడకూడదు. కొట్టిన వెదురును కొన్ని వారాలు చెరువు నీళ్ళలో నానబెట్టడం పాత పద్ధతి. అలా చేస్తే పురుగును ఆకర్షించే పిండిపదార్థం కరిగిపోతుంది. తరువాత నీడలోనే ఆరబెట్టాలి, ఎందుకంటే మన ఎండలో పెడితే నిలువునా పగులుతుంది. వంకర ఉంటే సన్నని సెగ మీద వేడిచేసి, ఆ వేడిలోనే వంచి సరిచేయాలి. కణుపులను ఉలితో చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, చెయ్యి అడ్డం లేకుండా జారేటట్టు చేసుకోవాలి. చివరగా ఆముదం గాని, నువ్వుల నూనె గాని రాసి ఒక రాత్రి ఉంచాలి, నెలకొకసారి మళ్ళీ రాయాలి.

సాధనకు ముందు ప్రతిరోజూ కర్రను చివరినుంచి చివరిదాకా వేలితో తడిమి, నేలకు మెల్లగా కొట్టి చప్పుడు వినాలి. చీలిన కర్ర చప్పుడు బొంగురుగా వస్తుంది. చిన్న రంధ్రాల నుంచి సన్నని పొడి రాలుతుంటే లోపల పురుగు ఉన్నట్టే. అటువంటి కర్రను తాడు చుట్టి వాడుకుందామనుకోకుండా పొయ్యిలో పెట్టేయాలి. తిప్పేటప్పుడు విరిగిన ముక్క ఎవరి కంట్లో పడుతుందో ఎవరూ చెప్పలేరు.

చోటు, వేళ

రాళ్ళు లేని చదును నేల, పైన కరెంటు తీగలు లేని చోటు ఉంటే చాలు, సిమెంటు నేల మాత్రం వద్దు. ఇద్దరి మధ్య కనీసం 4 మీటర్ల దూరం ఉండేటట్టు సున్నంతో గుర్తులు వేసుకోవాలి. బడి ఆవరణ వాడుకోవాలంటే ప్రధానోపాధ్యాయుడి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కాసే ప్రాంతం మనది కనుక ఎండాకాలం సాధన ఉదయం ఏడు గంటలకల్లా ముగిసిపోవాలి. వచ్చే ముందు నీళ్ళు తాగి రావాలి, కడుపునిండా తిని రాకూడదు. అయిపోయాక తైదంబలి (రాగి అంబలి) గాని, ఉప్పు వేసిన పలుచని సల్ల (మజ్జిగ) గాని తాగితే సరిపోతుంది. డబ్బాల్లో అమ్మే పొడుల అవసరం పిల్లలకు ఏమాత్రం లేదు.

మొదటి మూడు నెలలు

మొదటి మూడు వారాలు కర్ర నేల మీదే ఉండాలి. కొత్తవారికి ఇది చాలా విసుగు, తల్లిదండ్రులు కూడా ఏమీ నేర్పడం లేదని అనుకుంటారు. అయినా ఈ మూడు వారాలను తగ్గించవద్దని మరీమరీ చెబుతున్నాను, ఎందుకంటే ఆ తరువాత వచ్చేదంతా ఈ పునాది మీదే నిలుస్తుంది. కాళ్ళు భుజాల వెడల్పున ఎడంగా పెట్టి, మోకాళ్ళు కొద్దిగా సడలించి, వెన్ను నిటారుగా ఉంచి, చూపు ఎదుటి మనిషి ఛాతీ ఎత్తులో నిలిపి, నోరు మూసి ముక్కుతో ఊపిరి తీస్తూ నిలబడడం మొదటి పాఠం. అలా నిలబడి ముందుకు, వెనక్కు, కుడికి, ఎడమకు ఒక్కొక్క అడుగు వేసి మళ్ళీ మొదటి చోటికి రావాలి. అడుగు వేసేటప్పుడు కాళ్ళు ఒకదానికొకటి అడ్డం పడకూడదు, తల పైకీ కిందికీ ఊగకూడదు. దీనికి ముందు ఒళ్ళు వేడెక్కేటట్టు మెల్లగా పరుగు, భుజాలూ మణికట్లూ తిప్పడం, శక్తికొద్దీ దండాలు, బస్కీలు ఉండాలి. దండాల లెక్కలో పిల్లల మధ్య పోటీ పెట్టకూడదు. ఒకడు పది తీస్తే ఇంకొకడు మూడే తీయవచ్చు, ఇద్దరిదీ సాధనే.

నాలుగో వారం కర్ర పట్టుకోవడంతో మొదలవుతుంది. కర్రను మూడు భాగాలుగా ఊహించుకొని, నడి భాగానికి రెండు కొసల్లోనూ ఒక్కొక్క చెయ్యి వేసి పట్టుకోవాలి. పిడికిలి బిగిస్తే కర్ర తిరగదు, వదులైతే ఎగిరిపోతుంది. బొటనవేలు, చూపుడువేలు పట్టుగా ఉండి మిగతా వేళ్ళు అవసరాన్ని బట్టి ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉండాలి. ఆ పట్టుతో తల మీదికి, కుడి భుజానికి, ఎడమ భుజానికి, మోకాలికి వచ్చే దెబ్బలకు కర్రను అడ్డం పెట్టే నాలుగు కాపులను, ఇదివరకు నేర్చిన నాలుగు అడుగులతో కలిపి చేయాలి. దెబ్బ కొట్టడం కంటే ముందు దెబ్బ కాచుకోవడం నేర్పే గురువు మంచి గురువు అని తెలుసుకోండి.

రెండో నెలలో ఒంటి చేత్తో కర్రను ఒంటికి ఒక పక్క సున్నా చుట్టేలా తిప్పడం, తరువాత రెండు పక్కలా మార్చి మార్చి తిప్పడం వస్తాయి. ఇక్కడ తిరగవలసింది మణికట్టు, మోచెయ్యి ఒంటికి దగ్గరగానే ఉండాలి. కుడిచేత్తో ఎన్ని తిప్పితే ఎడమచేత్తోనూ అన్నే తిప్పాలన్న నియమాన్ని సడలించకండి. వేగం దానంతట అదే వస్తుంది, తెచ్చిపెట్టుకుంటే తిప్పు చెడుతుంది. తిప్పుతూ నడవడం, తిప్పుతూ వెనక్కి తిరగడం మూడో నెలకు వదిలేయాలి.

ఇద్దరు కలిసి చేసే సాధన

మూడు నెలలు నిండనివారిని జంటగా నిలబెట్టకూడదు. నిలబెట్టినప్పుడు కూడా ఎవరు కొడతారో, ఎవరు కాస్తారో, దెబ్బ ఎక్కడికి వస్తుందో ముందే చెప్పి, నీళ్ళలో నడిచినంత నెమ్మదిగా చేయించాలి. పిల్లలకు తలకు హెల్మెట్, చేతులకు దళసరి తొడుగులు తప్పనిసరి. మన పెద్దలకు అవి లేవు కదా అన్న వాదన నాకు సమ్మతం కాదు, వాళ్ళలో కన్ను పోగొట్టుకున్నవారిని ఎవరూ లెక్క రాసిపెట్టలేదు. గురువుతో పాటు మరొక పెద్ద మనిషి ఎప్పుడూ ఉండాలి. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు సాధన ఆ పిల్లవాడికి అక్కడితో ఆగిపోవాలి. వాంతి అయినా, మాట తడబడినా, నిద్రమత్తు కమ్మినా, తలనొప్పి పెరుగుతూ ఉన్నా పసరు, పసుపు అనకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఆడపిల్లల విషయం

కేరళలో కలరిపయట్టు నేర్పే మీనాక్షి అమ్మకు 2017లో, డెబ్బయి ఏళ్ళు దాటిన వయసులో పద్మశ్రీ వచ్చింది. మన తాలింఖానాల గడప ఆడవాళ్ళు ఎక్కలేదు కాబట్టి ఇప్పుడూ ఎక్కకూడదనుకోవడంలో అర్థం లేదు. అయితే ఆడపిల్లలను చేర్చుకుంటే సరిపోదు, వారు నిలదొక్కుకునేటట్టు చూడాలి. ఎవరైనా అమ్మ గాని, మహిళా సంఘం సభ్యురాలు గాని సాధన జరిగినంతసేపూ అక్కడ ఉండాలి. నిలబడే తీరు దిద్దేటప్పుడు గురువు చేత్తో కాకుండా కర్ర కొసతో చూపించే పద్ధతి పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఆత్మరక్షణ పేరుతో వారికి అబద్ధపు ధైర్యం నూరిపోయడం మహాపాపం. దారిలో ఎవరైనా వెంటపడితే మొదట చేయవలసింది గట్టిగా అరవడం, జనం ఉన్నవైపు పరుగెత్తడం, 112కి గాని పోలీసుల షీ టీమ్‌కు గాని ఫోను చేయడం. సాధన ఇచ్చేది ఆ క్షణంలో కాళ్ళు కట్టుబడిపోకుండా ఉండే అలవాటు, గొంతు పెగిలే ధైర్యం. అది చిన్న లాభమేమీ కాదు.

కత్తి, నిప్పు, చట్టం

కొసలకు నిప్పు కట్టి తిప్పడాన్ని, కత్తిసామును పద్దెనిమిదేళ్ళు నిండనివారికి నేర్పకూడదని నా గట్టి అభిప్రాయం. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవైన, లేదా 2 అంగుళాల కంటే వెడల్పైన అలుగు (కోసే రేకు) ఉన్న కత్తులు, బల్లేలు ఆయుధాల కిందికే వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి మాత్రమే చేసిన పనిముట్లకు మినహాయింపు ఉంది. కాబట్టి ఊరేగింపుల్లో కత్తి ప్రదర్శన తలపెట్టేవారు ముందుగా పోలీసు స్టేషనులో అడిగి, అనుమతి తీసుకోవాలి. సాధనకు చెక్క కత్తి చాలు.

భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి చెబుతాయి. రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేసే హక్కు ఎవరికీ లేదని, పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు వర్తించదని 37వ సెక్షన్ స్పష్టంగా అంటుంది. కింద పడినవాడి మీద వేసిన రెండో దెబ్బ రక్షణ కాదు. ఈ మాట గురువు నోటి నుంచి పిల్లలు తరచుగా వినాలి, ఊరి తగాదాలో కర్ర ఎత్తినవాడిని మళ్ళీ సాధనకు రానివ్వకూడదన్న నియమం మొదటి రోజే అందరి ముందూ చదవాలి. ఆ నియమం కులం చూడకూడదు, మతం చూడకూడదు, ఎవరి కొడుకో చూడకూడదు. పీరీల పండుగకు ఊరంతా కలిసి నిలబడే ప్రాంతం మనది; సాధన చోటును ఒక పార్టీకో, ఒక వర్గానికో అప్పగిస్తే ఏడాది తిరగకుండానే సగం మంది పిల్లలు రావడం మానేస్తారు. బృందం నిలదొక్కుకున్నాక ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రారు దగ్గర సొసైటీగా నమోదు చేసుకుంటే డబ్బు లెక్కలు బాహాటంగా ఉంటాయి.

పొలం పనుల నెలల్లో

ఇటువంటి బృందాలు ఆగిపోయేది సాధారణంగా వానకాలం నాట్లప్పుడు, తిరిగి పత్తి ఏరే రోజుల్లో. ఇంటిల్లిపాదీ చేలలో ఉన్నప్పుడు పిల్లలు రాలేదని గురువు నొచ్చుకోవడం, వచ్చినవారు పదిమంది లేరని సాధన ఆపేయడం రెండూ తగవు. ఆ నెలలకు వేరే పద్ధతి ముందే రాసుకోవాలి. వారానికి రెండు రోజులే కలవాలి, కొత్త పాఠం ఏదీ మొదలుపెట్టకూడదు, మిగతా రోజుల్లో ఎవరి ఇంటి వాకిట్లో వాళ్ళు పది నిమిషాలు అడుగులు, నాలుగు కాపులు మాత్రం చేయాలి. పొలంలో రోజంతా వంగి పనిచేసినవారి చేత బస్కీలు తీయించకుండా, నడుము వెనక్కి సాగదీసే తేలికపాటి కసరత్తులు చేయించాలి. వలస వెళ్ళే కుటుంబాల పిల్లల కర్రలను పేర్లు రాసి ఒకరి ఇంట్లో భద్రపరచాలి. చెమ్మ తగలకుండా, గోడకు ఆనించకుండా, దూలానికి అడ్డంగా కట్టి ఉంచితే వారు తిరిగి వచ్చేదాకా వంకర పోకుండా ఉంటాయి.